కుక్కకా, ఇంటికా? పెంపుడు కుక్కకు పెద్దకూర పెట్టే ముందు

హైదరాబాద్‌లో పెద్దకూర, అంటే బీఫ్, అమ్మే కొట్టుకి వెళ్లి అర కిలో అడిగితే, కొట్టతను తలెత్తకుండా వేసే మొదటి ప్రశ్న: "కుక్కకా, ఇంటికా?" ఇంటికంటే తొడ వైపు కోస్తాడు. కుక్కకంటే చెయ్యి బల్ల కింద ఉన్న డబ్బాలోకి పోతుంది. పొద్దుటి నుంచి కోసి పక్కన పడేసిన తునకలన్నీ అందులో ఉంటాయి. పొరలు, కొవ్వు, గొంతు దగ్గరి ముక్కలు, ఊపిరితిత్తుల తునకలు, ఒక్కోసారి బాగోలేదని కార్జంలోంచి కోసి తీసేసిన భాగం. ధర మాత్రం బాగా తక్కువ. మా బ్రూనో చిన్నప్పుడు ఆరేడు నెలలు నేను ఆ డబ్బా మాంసమే తెచ్చాను. వాడు పళ్లెం నాకి నాకి మెరిపించేవాడు, నాకు డబ్బు మిగిలేది. ఇద్దరం సంతోషంగానే ఉన్నాం. ఆ డబ్బాలో ఏముందో తర్వాత ఒక్కొక్కటే తెలుసుకున్నాక మాత్రం కొంచెం సిగ్గేసింది.

"కుక్కకి బీఫ్ పెట్టొచ్చా?" అన్న ప్రశ్నకి జవాబు చాలా తేలిక. పెట్టొచ్చు. మంచి ప్రోటీన్, ఐరన్, జింక్, బి12 ఉన్న మాంసం అది. ఉడికించిన కండ ముక్క ఆరోగ్యంగా ఉన్న కుక్కకి చెడు చేయదు. చిక్కంతా ఆ ప్రశ్న అక్కడే ఆగిపోవడంలో ఉంది. పశువు ఒళ్లంతా ఒకే మాంసం కాదు. ఏ ముక్క, ఎలా వండింది, దేనితో కలిపింది, రోజూనా అప్పుడప్పుడా అన్నదాన్ని బట్టి అదే బీఫ్ మందూ అవుతుంది, విషమూ అవుతుంది. ఆ కొట్టతని ప్రశ్నే నిజానికి సరైన ప్రశ్న. దానికి మనం ఇచ్చే జవాబే తప్పు.

ముందు, ఇక్కడ బీఫ్ అంటే ఏమిటి

తెలుగు రాష్ట్రాల్లో బీఫ్ పేరుతో అమ్మేది చాలావరకు బర్రె, దున్న మాంసం. 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం ఆవును, ఆవు దూడను, బర్రె దూడను కోయకూడదు. మిగతా పశువును కోయాలంటే అది పాలకూ, దుక్కికీ, సంతానానికీ ఇక పనికిరాదని ధ్రువపత్రం కావాలి. అంటే కబేళాకు చేరేది ఎక్కువగా పాలు ఉడిగిన పెద్ద వయసు పశువు. ఈ ఒక్క సంగతి తెలిస్తే కుక్క తిండి గురించి ఇంటర్నెట్‌లో చదివేదాంట్లో సగం మన ఇంటికి ఎందుకు సరిపోదో అర్థమవుతుంది.

అమెరికా వాళ్ల సలహాలన్నీ ధాన్యం మేపి కొవ్వెక్కించిన పశువు గురించి. అక్కడ మామూలు ఖీమాలో 20 శాతం దాకా కొవ్వుంటుంది. అందుకే "బీఫ్ అంటే కొవ్వు, జాగ్రత్త" అంటారు. బర్రె కండ మాంసం 100 గ్రాముల్లో ప్రోటీన్ 20 గ్రాములుంటే కొవ్వు ఒకటిన్నర గ్రాములే. కేలరీలు 100కి అటూ ఇటూ. కండ వరకూ చూస్తే మనది బక్క మాంసం. కానీ డబ్బాలోంచి వచ్చే తెల్లటి కొవ్వు తునకల సంగతి వేరు. ఒక్క పూట ఎక్కువ కొవ్వు పడినా కొన్ని కుక్కలకి క్లోమం (పాంక్రియాస్) వాచిపోతుంది. ఆగకుండా వాంతులు, వీపు వంచి ముడుచుకుని కూర్చోవడం, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం దాని గుర్తులు. ఇది ఇంట్లో మజ్జిగ తాగించి తగ్గించుకునే జబ్బు కాదు, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సిన జబ్బు.

పశువు వయసు వల్ల ఇంకో తేడా కూడా ఉంది. ఎంత ముసలిదైతే దాని కడుపులో పురుగుల తిత్తులు చేరడానికి అంత కాలం దొరికినట్టు. దాని గురించి కాసేపట్లో చెబుతాను. ముందు గొంతు.

గొంతు ముక్క కథ

1984, 85లో అమెరికాలోని మిన్నెసోటా, దాని పక్కనున్న సౌత్ డకోటా, అయోవా ప్రాంతాల్లో జనం ఉన్నట్టుండి బరువు తగ్గిపోవడం, చేతులు వణకడం, గుండె దడదడలాడటం మొదలైంది. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు కనిపించే లక్షణాలే అన్నీ, కానీ వాళ్ల థైరాయిడ్ గ్రంథిలో లోపమేమీ లేదు. మొత్తం 121 మంది. ఆరా తీస్తే అందరూ తిన్నది ఒకే చోట తయారైన గొడ్డుమాంసం ఖీమా. ఆ కబేళాలో పశువు గొంతు దగ్గరి మాంసాన్ని కూడా గీరి ఖీమాలో కలిపేవాళ్లు. పశువు థైరాయిడ్ గ్రంథి గాలిగొట్టం పక్కనే అతుక్కుని ఉంటుంది. మాంసంతోపాటు అదీ వెళ్లిపోయింది. వాళ్లెవరూ పచ్చి ఖీమా తినలేదు, వండుకునే తిన్నారు. వంట వేడికి ఆ హార్మోన్ చావదు. తర్వాత అమెరికాలో మనుషులు తినే మాంసంలో గొంతు తునకలు కలపడం ఆపేశారు.

మనుషుల తిండిలోంచి తీసేసింది ఎక్కడికి పోతుంది? జర్మనీలో పశువైద్యులు 2012లో 12 కుక్కల గురించి రాశారు. అన్నీ పచ్చి మాంసమో, ఎండబెట్టిన గొంతు ముక్కలో తినేవే. అన్నిటి రక్తంలోనూ థైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా ఉంది. సగం కుక్కల్లో లక్షణాలూ కనిపించాయి. తిండి బాగా తింటున్నా బరువు తగ్గడం, రొప్పడం, ఒకచోట నిలవకపోవడం, గుండె వేగం, కోపం. తిండి మార్చాక పరీక్షించిన కుక్కల్లో హార్మోన్ దారికొచ్చింది. 2017లో ఇదే కారణంతో అమెరికాలో కొన్ని కంపెనీల కుక్క తిండి డబ్బాలు కూడా వెనక్కి తీసుకున్నారు.

మన పెద్దవాళ్లు "గొడ్డుమాంసం పెడితే కుక్క కోపిష్టిది అవుతుంది, రక్తం రుచి మరిగితే మీద పడుతుంది" అంటుంటారు. మాంసం తిన్నందుకు కుక్క గుణం మారిపోదు. అయితే ఎప్పుడో ఎవరింట్లోనో రోజూ గొంతు ముక్కలు తిన్న కుక్క నిజంగానే చిరాకుపడి కరిచి ఉంటే, ఆ మాట అక్కడి నుంచి పుట్టిందేమో అని నాకో చిన్న అనుమానం. రుజువు లేదు, ఊహే.

ఇప్పుడు కొట్టతను అడిగితే నేను "ఇంటికే" అంటాను. అబద్ధమేం కాదు, బ్రూనో ఉండేదీ ఇంట్లోనే. ఎముక లేని కండ, లేదా గుండె. గుండె కూడా కండే, చవక, కుక్కకి మహా ఇష్టం. ఖీమా కావాలంటే ముక్క చూపించి ముందు నిలబడి కొట్టించుకుంటాను. ఖీమాగా మారాక గొంతేదో తొడేదో దేవుడు కూడా చెప్పలేడు.

కార్జంలో నీటి బుడగ

కబేళాలో కార్జం కోసినప్పుడు కొన్నిటిలో నీళ్లు నిండిన తిత్తులు కనిపిస్తాయి. ఊపిరితిత్తుల్లోనూ ఉంటాయి. గోలీకాయంత నుంచి నిమ్మకాయంత, ఇంకా పెద్దవి కూడా. వాటిని హైడాటిడ్ తిత్తులంటారు. ఎఖినోకాకస్ అనే బుల్లి బద్దెపురుగు పిల్లలు వాటిలో ఉంటాయి. చూడటానికి బాగోదు కాబట్టి మనుషులకి అమ్మరు. కోసి పక్కన పడేస్తారు. కొట్టు చుట్టూ తిరిగే వీధికుక్కలకి విసిరేస్తారు, లేకపోతే "కుక్కకి" అని అడిగిన వాళ్ల కవర్లో పడుతుంది.

ఆ పురుగు కోరుకునేది సరిగ్గా అదే. కుక్క పేగుల్లోకి చేరితేనే అది పెద్దదై గుడ్లు పెట్టగలదు. కుక్కకి నొప్పీ ఉండదు, విరేచనాలూ ఉండవు. హాయిగా తిరుగుతూ ఉంటుంది. ఏడెనిమిది వారాల్లోపే దాని మలంలో గుడ్లు రావడం మొదలవుతుంది. కంటికి కనపడనంత చిన్నవి. కుక్క తన వెనక నాక్కుంటుంది, అదే నోటితో పిల్లాడి మొహం నాకుతుంది, పిల్లాడు చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు. ఏళ్ల తర్వాత ఆ పిల్లాడి కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో అదే నీటి బుడగ. స్కానింగ్‌లో బయటపడేసరికి ఆపరేషన్ దాకా వస్తుంది.

ఈ చక్రాన్ని తెంపడం అసాధ్యమేమీ కాదు. 19వ శతాబ్దంలో ఐస్‌లాండ్ ఈ జబ్బుతో అల్లాడిపోయింది. డెన్మార్క్‌కి చెందిన హరాల్డ్ క్రాబె అనే శాస్త్రవేత్త 1863లో అక్కడికి వెళ్లి, కుక్కల్ని పరీక్షించి, తిత్తులున్న అవయవాలు కుక్క నోట పడకుండా చూడటమే మందు అని తేల్చాడు. ఆ సంగతి సామాన్య జనానికి అర్థమయ్యేలా రాసిన చిన్న పుస్తకం ఇంటింటికీ పంచారు. ఎప్పటికైతేనేం ఆ దేశంలో ఆ జబ్బు మాయమైంది. అప్పటికి స్కానింగులూ లేవు, ఇప్పటి మాత్రలూ లేవు. పడేసే ముక్క ఎక్కడ పడేయాలో తెలియడమే అక్కడ పెద్ద మలుపు.

మన ఇంటి వరకూ చేయాల్సింది కొంచెమే. బుడగలున్న ముక్క వస్తే ఉడికించి పెడదామని ఆలోచించొద్దు, కుక్కలు తవ్వలేనంత లోతుగా పాతిపెట్టండి. చెత్తకుప్పలో వేస్తే వీధికుక్క తింటుంది, చక్రం మళ్లీ మొదలు. మిగతా కార్జం, ఊపిరితిత్తులు మధ్యలో ఎరుపు లేకుండా ఉడకాలి. రెండోది, పురుగుల మందు. చాలామంది కుక్కపిల్లకి మొదట్లో తాగించిన సిరప్పునే ఏళ్ల తరబడి తాగిస్తుంటారు. వాటిలో కొన్ని గుండ్రటి పురుగులకే పనిచేస్తాయి. బద్దెపురుగులకి ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్ర కావాలి. పచ్చి మాంసం తిన్న కుక్కకి ఎన్నాళ్లకోసారి వేయాలో డాక్టర్‌నే అడగండి. మామూలు కుక్కకి వేసినట్టు మూడు నెలలకోసారి వేస్తే మధ్యలో గుడ్లు పెట్టే టైమ్ దానికి దొరుకుతుంది.

ఊళ్లో బర్రెలున్న ఇళ్లకి ఇంకో మాట. నియోస్పోరా అనే పరాన్నజీవి ఒకటుంది. కుక్క పచ్చి గొడ్డుమాంసమో, ఈనినప్పుడు పడే మాయో తింటే దాని కడుపులోకి చేరుతుంది. కుక్క మలం గడ్డివాము మీద పడి, ఆ గడ్డి తిన్న పాడిపశువు ఈసుకుపోతుంది. కుక్క ఇందులో భాగమని 1998లో గానీ తెలియలేదు. మాయని కుక్కలకి అందకుండా పాతిపెట్టాలని ఊళ్లో పెద్దవాళ్లు అనేది అంతకు చాలా ముందు నుంచే. వాళ్ల కారణం వేరు కావచ్చు, పని మాత్రం సరైనదే.

పచ్చిదా, ఉడికిందా

"కుక్క తోడేలు జాతి, పచ్చి మాంసమే దాని సహజ ఆహారం" అనే వాళ్లు ఇప్పుడు హైదరాబాద్, విజయవాడల్లో కూడా బాగా పెరిగారు. తోడేలు నుంచి వచ్చిన మాట నిజమే. కానీ మనిషి పక్కన బతికిన వేల ఏళ్లలో కుక్క కడుపు మారింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌కి సంబంధించిన జన్యువు తోడేలులో రెండు కాపీలుంటే కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉంటాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. మన ఇళ్లల్లో తరాల తరబడి గంజన్నం తిని కాపలా కాసిన కుక్కలకి ఆ పరిశోధన ఎవరూ చదివి వినిపించనక్కర్లేదు.

పచ్చి మాంసంలో అసలు గొడవ కుక్కకంటే ఇంట్లో వాళ్లకే ఎక్కువ. కెనడాలో ఒక పరిశోధనలో 16 కుక్కలకి సాల్మొనెల్లా అనే క్రిమి ఉన్న పచ్చి తిండి ఒక్క పూట పెట్టారు. ఏడు కుక్కల మలంలో వారం లోపు ఆ క్రిమి బయటికొచ్చింది. ఒక్క కుక్కకీ జబ్బు చేయలేదు. "మా కుక్కకి పచ్చి మాంసం బాగానే పడుతోంది" అని ఎవరైనా అంటే నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. పడుతుంది. అదే కుక్క ఎక్కే సోఫా మీద ఆర్నెల్ల పాపో, కీమోథెరపీ చేయించుకుంటున్న తాతయ్యో ఉంటే వాళ్లకి పడదు. నెదర్లాండ్స్‌లో 2018లో 35 రకాల ఫ్రీజర్ పచ్చి తిండి ప్యాకెట్లు పరీక్షిస్తే ఐదో వంతులో సాల్మొనెల్లా, సగానికి పైగా ప్యాకెట్లలో లిస్టీరియా అనే ఇంకో క్రిమి దొరికాయి. అంత చల్లటి దేశంలో, శుభ్రమైన ఫ్యాక్టరీలో. మనది మే నెలలో కూడా ఇనుప కొక్కేనికి వేలాడే మాంసం.

ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చస్తాయని ఒక నమ్మకం. చావవు, నిద్రపోతాయి. కరిగాక లేస్తాయి. ఉడికించడమే మార్గం. ఖీమా అయితే లోపలి వేడి 71 డిగ్రీలు దాటాలి. ముక్కలైతే కుక్కర్లో నాలుగైదు కూతలు. ముదురు బర్రె మాంసానికి ఎలాగూ అన్ని కూతలు కావాలి. ఉప్పు వద్దు. చిటికెడు పసుపు వేస్తే నష్టం లేదు, వేయకపోయినా లాభం పోదు. మన ఎండాకాలంలో ఉడికిన మాంసం గంట కంటే ఎక్కువ బయట ఉంచకూడదు. తినగా మిగిలిన గిన్నెని సాయంత్రం దాకా అలాగే వదిలేసే అలవాటు చాలా ఇళ్లల్లో ఉంది. ఈగలు, చీమలు, ఆ పైన కుక్క.

కూరలోంచి తీసి పెట్టిన ముక్క

నా ఉద్దేశంలో తెలుగిళ్లల్లో అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు ఇదే. మనం వండుకున్న కూరలోంచి రెండు ముక్కలు, కాస్త పులుసు అన్నంలో కలిపి వేయడం. "మసాలా కడిగేశాను" అంటారు. మసాలా ఘాటు కాదు గొడవ, ఉల్లిగడ్డ, వెల్లుల్లి.

ఉల్లి జాతిలోని గంధక పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కణాలు పగిలిపోయి రక్తహీనత వస్తుంది. వేయించినా, ఉడికించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. కుక్క బరువులో అర శాతం ఉల్లిగడ్డ ఒకేసారి లోపలికి వెళ్తే చాలు, ప్రమాదం మొదలు. పది కిలోల కుక్కకి 50 గ్రాములు, అంటే ఒక చిన్న ఉల్లిగడ్డ. ఐదు కిలోల పొమేరియన్‌కి అందులో సగం. వెల్లుల్లి ఇంకా బలమైనది. మన గ్రేవీ అంటేనే ఉల్లిగడ్డ ముద్ద, అల్లం వెల్లుల్లి పేస్టు. అర కిలో కూరలో రెండు ఉల్లిగడ్డలు ఎటూ పోవు.

దీంట్లో మోసం ఏంటంటే అది ఆ రోజు తెలియదు. మూడు నాలుగు రోజులయ్యాక చిగుళ్లు పాలిపోవడం, మూత్రం టీ రంగులో రావడం, లేచి నడవలేకపోవడం కనిపిస్తుంది. అప్పటికి ఆదివారం కూర సంగతి ఎవరికీ గుర్తుండదు. డాక్టర్ "ఏం పెట్టారు?" అంటే "పెరుగన్నమే సార్" అంటాం. ఆ వారంలో పెట్టినవన్నీ గుర్తు తెచ్చుకుని చెప్పండి. కుక్క కోసం ముక్కలు తాలింపుకి ముందే వేరే గిన్నెలో తీసిపెట్టుకోవడం ఒక్కటే తేలికైన పని. ఎముకల సూప్ కూడా ఉల్లి వేయకుండా కాస్తేనే దానికి.

ఎముకల గురించి ఎక్కువ చెప్పను, అందరికీ సగం తెలిసిందే. ఉడికిన బొక్క పెళుసుబారి సూదుల్లా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. పచ్చి నల్లి బొక్క అంతగా చీలదు గానీ పన్ను విరగ్గొడుతుంది. బర్రె కాలి ఎముక కుక్క పన్ను కంటే గట్టిది. గుండ్రంగా కోసిన నల్లి బొక్క కింది దవడకి ఉంగరంలా బిగుసుకుపోయి, దాన్ని కోసి తీయించుకోవడానికి పరుగెత్తిన వాళ్లు పశువైద్యులకు బాగా తెలుసు. గోరుతో గట్టిగా నొక్కితే నొక్కు పడనిది ఏదీ కుక్కకి నమలడానికి ఇవ్వకూడదన్నది వాళ్లు చెప్పే కొండగుర్తు.

మాంసం ఒక్కటే పెడితే

కుక్క మాంసాహారి కాబట్టి మాంసం ఎంత పెడితే అంత మంచిదనుకుని, రోజూ అర కిలో కండ మాంసం, కాస్త అన్నం పెట్టేవాళ్లున్నారు. పెద్ద కుక్క కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. కుక్కపిల్ల నెట్టుకురాలేదు.

లెక్క చూడండి. అర కిలో బర్రె మాంసంలో ఫాస్ఫరస్ 1 గ్రాము దాకా ఉంటుంది. కాల్షియం 60 మిల్లీగ్రాములే. అంటే ఒక పాలు కాల్షియానికి పదహారు పాళ్ల ఫాస్ఫరస్. కుక్కకి కావాల్సింది కాల్షియం ఫాస్ఫరస్‌తో సమానంగా, లేదా కొంచెం ఎక్కువగా. రక్తంలో కాల్షియం తగ్గితే శరీరం ఊరుకోదు, ఎముకల్లోంచి లాగి తెచ్చుకుంటుంది. పిల్ల ఒళ్లు చేసి నిగనిగలాడుతుంటుంది, లోపల ఎముకలు అప్పడాల్లా అయిపోతాయి. ఒకరోజు మంచం మీంచి దూకుతుంది, కాలు విరుగుతుంది. అడవిలో తోడేలుకి ఈ బాధ లేదు, అది ఎముకలతో సహా తింటుంది.

"రాగి జావ పోస్తున్నాంగా, కాల్షియం దాంట్లో ఉంది" అనేది మన దగ్గర మామూలుగా వినపడే జవాబు. ఉంది. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకి అటూ ఇటూ. కానీ ఆ అర కిలో మాంసంలోని ఫాస్ఫరస్‌ని సరిచేయడానికి మూడు నాలుగు వందల గ్రాముల రాగిపిండి కావాలి. రాగుల్లోనూ ఫాస్ఫరస్ ఉంది కాబట్టి అప్పటికీ లెక్క తేలదు. పైగా రాగుల్లోని ఫైటేట్లనే పదార్థాలు కాల్షియాన్ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. జావ మంచిదే, పోయండి. దాన్ని కాల్షియం మందు అనుకోవద్దు. గుడ్డు పెంకుల్ని ఉడికించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తగా పొడి చేస్తే ఒక టీస్పూన్‌లో 2 గ్రాముల దాకా కాల్షియం వస్తుంది. పెద్ద కుక్కకి ఉడికించిన అర కిలో మాంసానికి అర టీస్పూన్ కొంచెం పైగా సరిపోతుంది. ల్యాబ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల పిల్లలకి మాత్రం ఇది కూడా అంచనాగా వేయకూడదు. కాల్షియం ఎక్కువైనా వాటి ఎముకలు వంకరపోతాయి, ఎక్కువైనదాన్ని ఒంటికి పట్టకుండా ఆపే శక్తి పిల్లల పేగులకి లేదు.

కాల్షియం ఒక్కటి సర్దితే అయిపోతుందా అంటే కాదు. అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ, జింక్, కాపర్ (రాగి లోహం), ఇలా వరసగా ఉన్నాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్లు 2013లో పుస్తకాల్లోనూ వెబ్‌సైట్లలోనూ ఉన్న 200 ఇంటి వంటకాలను లెక్కగట్టి చూస్తే 95 శాతం వంటకాల్లో కనీసం ఒక పోషకమైనా తక్కువ తేలింది. వాటిలో పశువైద్యులు రాసినవీ ఉన్నాయి. అందుకే రోజూ ఇంటి తిండే పెట్టాలనుకుంటే, మీ కుక్క బరువు, వయసు చూసి లెక్క రాసిచ్చే పశువైద్యుడు కావాలి, యూట్యూబ్ కాదు.

అప్పుడప్పుడు పెట్టేవాళ్లకి ఇంత తంటా లేదు. రోజు మొత్తం కేలరీల్లో పది శాతం దాటకుండా ఏది పెట్టినా మిగతా తిండి సమతూకం చెడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన పది కిలోల పెద్ద కుక్కకి రోజుకి 630 కేలరీల దాకా కావాలి. అందులో పది శాతమంటే 60 గ్రాముల బర్రె కండ. పాతిక కిలోల ల్యాబ్‌కి 120 గ్రాములు. అరచేతిలో పట్టేంత. మొదటిసారి పెట్టేటప్పుడు అందులోనూ పావు వంతుతో మొదలుపెట్టి వారం రోజుల్లో పెంచండి.

కార్జానికి వేరే కొలత. విటమిన్ ఎ అందులో పోగుపడి ఉంటుంది. నెలల తరబడి ఎక్కువ తింటే ఎముకలు దెబ్బతింటాయి. రాగి (కాపర్) కూడా ఎక్కువే. గొడ్డు కార్జం 100 గ్రాముల్లో 10 మిల్లీగ్రాములకి దగ్గరగా రాగి ఉంటుంది. ల్యాబ్రడార్లకి, డాబర్‌మన్‌లకి కాలేయంలో రాగి పేరుకుపోయే జబ్బు వంశంలోనే ఉంది. మన దగ్గర వీధికి నాలుగు ల్యాబ్‌లున్నాయి కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. వారానికి రెండు మూడు చిన్న ముక్కలు చాలు, కార్జం కిలోల లెక్కన తెచ్చి పెట్టడం వద్దు.

డబ్బా మీద రాసిన బీఫ్

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఈ తంటాలేవీ లేవు, వాళ్లది వేరే తంటా. ఇంట్లో గొడ్డుమాంసం తినరు, తేరు, కానీ కుక్క తిండి సంచి మీద ఏముందో చూడరు. అక్కడి నిబంధనల్లో ఒక్కో మాటకి ఒక్కో అర్థం. పేరు ఉత్త "బీఫ్" అయితే నీళ్లు పక్కనపెట్టి 95 శాతం అదే ఉండాలి. "బీఫ్ డిన్నర్", "బీఫ్ రెసిపీ" లాంటివైతే పాతిక శాతం. "విత్ బీఫ్" అంటే మూడు శాతం చాలు. "బీఫ్ ఫ్లేవర్" అంటే రుచి తెలిస్తే చాలు, ఇంత ఉండాలన్న లెక్కే లేదు. పైన చికెన్ అని రాసున్న సంచిలో కూడా బీఫ్ కొవ్వు ఉండొచ్చు. "మీట్ మీల్" అని రాస్తే ఏ పశువుదో చెప్పనట్టే. వద్దనుకునే వాళ్లకీ, కావాలనుకునే వాళ్లకీ వెనకవైపు చిన్న అక్షరాలే ఆధారం.

ఆ చిన్న అక్షరాలు తప్పనిసరిగా చదవాల్సిన వాళ్లు ఇంకొకరున్నారు. కుక్కకి ఏడాది పొడుగునా దురద, పాదాలు నాక్కోవడం, చెవుల్లో మళ్లీ మళ్లీ చీము వస్తుంటే తిండి అలర్జీ ఉందేమో చూస్తారు. 2016లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి, తిండి అలర్జీ ఉన్న 297 కుక్కల వివరాలు చూస్తే అన్నిటికంటే ఎక్కువగా పడనిది బీఫ్, 34 శాతం. తర్వాత పాల పదార్థాలు 17, కోడి 15, గోధుమ 13. బీఫ్ అంత చెడ్డదని దీనర్థం కాదు. ఆ కుక్కలు పుట్టినప్పటి నుంచి తిన్నది అదే కాబట్టి వాటి ఒళ్లు ఎదురుతిరిగింది కూడా దానికే. "ఆవు పడకపోతే బర్రె పెడదాం" అని కొందరు ప్రయత్నిస్తారు. రెండూ దగ్గరి చుట్టాలు, ప్రోటీన్లు కూడా దగ్గరివే. ఆ లెక్కమీద ఆధారపడలేం.

రక్తపరీక్షతో ఇది సరిగ్గా తేలదు. కుక్క ఎప్పుడూ తినని ఒకే రకం మాంసం, ఒకే రకం పిండిపదార్థం ఎనిమిది వారాలు పెట్టి చూడటమే పరీక్ష. ఆ ఎనిమిది వారాల్లో బిస్కెట్ ముక్క పడినా మళ్లీ మొదటికే. నమిలే పురుగుల మాత్రల్లో కూడా కొన్నిటికి గొడ్డుమాంసం రుచి కలుపుతారు కాబట్టి ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి వేరే మాత్ర రాయించుకోవాలి. గొడ్డుమాంసం పడని కుక్కల్లో కొన్నిటికి పాలు కూడా పడవు, రెండిట్లోనూ ఉమ్మడిగా ఉండే ప్రోటీన్ల వల్ల. అందుకని ఆ రెండు నెలలూ అమ్మమ్మ రాత్రిపూట ఎవరూ చూడకుండా కలిపి పెట్టే పాలన్నం కూడా బంద్. ఆవిడకి ఆ మాట చెప్పే పని మాత్రం డాక్టర్ చేయడు, మనమే చేయాలి.